పెరటి అరుగు

గడచిన వేసవిలో మైపాడులోని మా ఇంటి పెరట్లో ఒక అరుగు కట్టించాను. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇంతటి అల్పవిషయానికి చరిత్రవ్యాసమెందుకని మీరు నవ్వుకోవచ్చు. నేనూ మొదట నవ్వుకున్నవాడినే. కానీ ఆ అరుగు కట్టే పది పన్నెండు రోజులు పనివాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నందువల్ల, ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పినా నాకు తట్టని సంగతులు కొన్ని తట్టాయి. వాటిని మీతో పంచుకోవాలనిపించింది.

అసలు పుట్టింది మా అబ్బాయి మాటతో. వాడు అమెరికాలో ఒక పాత ఇల్లు కొన్నాడు. ఆ ఇంటి వెనుక చెక్కపలకలతో కట్టిన ఎత్తైన వేదిక ఒకటి ఉంది. దాన్ని 'డెక్కు' అంటారట. సాయంత్రం పూట పిల్లలతో అక్కడే కూర్చుంటారు. ఫోటోలు పంపి, "నాన్నా, మీరు కూడా పెరట్లో ఒక డెక్కు కట్టించుకోరాదూ, చల్లగా సముద్రపు గాలి వస్తుంది" అన్నాడు. నాకూ బాగానే ఉందనిపించి మేస్త్రీని పిలిచాను. అతడు ఫోటో చూసి, "చెక్కా? ఈ ఉప్పుగాలికి, చెదలకి నిలబడదయ్యోరా. మీ పాత బండలు గోడకానించి పడుండాయి గదా, అరుగు కట్టుకోండి" అన్నాడు. పింఛను మీద బతికేవాడికి ఇంతకన్న మంచి సలహా ఎవరిస్తారు!

ఆ పాత బండల కథ తరువాత చెబుతాను. ముందు మాట సంగతి.

వీధివాకిలికి అటూ ఇటూ ఎత్తుగా కట్టిన దాన్ని మనం అరుగు అంటాం, తిన్నె అంటాం. తమిళుల తిణ్ణైకీ మన తిన్నెకూ చుట్టరికం ఉంది. అయితే మాలాంటి తీరవాసులకు తిన్నె అనగానే మొదట గుర్తుకు వచ్చేది ఇసుక తిన్నె. గాలి కట్టినదానికీ మనిషి కట్టినదానికీ ఒకటే పేరు! సంస్కృతంలో వేదిక, వితర్ది అన్నవి పర్యాయపదాలని అమరసింహుడు పురవర్గంలో చెప్పాడు. ఇంటి తలవాకిలి ముందరి భాగానికి అళిందమని పేరు. ఇక తెల్లదొరల రాతల్లో కనిపించే 'పయాల్' అన్న మాట మనదీ కాదు, వాళ్ళదీ కాదు. రాతిబల్లను పోర్చుగీసువారు 'పొయాల్' అనేవారు. తీరప్రాంతాల్లో మన అరుగులను చూసి వాళ్ళు పెట్టిన పేరే ఇంగ్లీషువాళ్ళ నోట అలా నిలిచింది. మన వీధిబడులను 'పయాల్ స్కూళ్ళు' అని వ్రాయడం దానివల్ల వచ్చినదే.

ఉపాధ్యాయుణ్ణి గనుక ఇక్కడ కాస్త ఆగుతాను. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాల్లో బడులెన్ని, చదివేవారెందరు అని లెక్కలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు చదవదగినది. ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న నాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని లెక్క తేల్చాడు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దే తీరును, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. దేశం నానాటికీ బీదబడుతున్నందువల్లనే చదువు క్షీణిస్తున్నదని కూడా నిర్మొహమాటంగా వ్రాశాడు. కంపెనీ కొలువులో ఉండి ఆ మాట వ్రాయడానికి ధైర్యం కావాలి.

ఇసుకలో దిద్దించే ఈ పద్ధతినే అంతకు ముందు మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ స్థానిక బడిలో చూసి, తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో పుస్తకంగా ప్రకటించాడు. అది ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో వ్యాపించింది. మన వీధిబడి చదువు అక్కడికి పోయి ఘనత కెక్కింది. ఇక్కడి అరుగు మీద కూర్చుని గింజలూ పప్పులూ జీతంగా తీసుకున్న పంతులు పేరు మాత్రం ఎక్కడా లేదు.

అరుగును మరీ ఆకాశానికెత్తడం కూడా నాకిష్టం లేదు. వీధి అరుగు మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు మెట్టు కింద నిలబడాలో, ఎవరు ఆ వీధికే రాకూడదో నిర్ణయించినది కూడా ఆ అడుగున్నర ఎత్తే. మా తాతగారి అరుగు మీద అక్షరాలు దిద్దినవారిలో పడవల మీద వేటకు పోయేవారి పిల్లలు ఉన్నట్లు నేను వినలేదు. ఆడవారికీ వీధి అరుగు మీద చోటు లేదు. వారిది పెరడు. బావి చప్టా, తులసికోట గట్టు, రోలు పక్కన నాలుగు బండలు పరచిన చోటు - మా అమ్మ లోకమంతా అక్కడే. వడియాలు పెట్టడం, చేటతో బియ్యం చెరగడం, తల దువ్వుకోవడం, గోడ అవతలి పిన్నమ్మతో కష్టసుఖాలు చెప్పుకోవడం. వీధి అరుగును దొరలు వర్ణించారు, కథకులు వర్ణించారు. పెరటి బండల మాట వ్రాసినవారు నాకు ఎక్కువగా తారసపడలేదు.

అమెరికావారి కథ ఇందుకు తిరకాసుగా నడిచింది. పందొమ్మిదో శతాబ్దంలో వారి ఇళ్ళకూ వీధివైపు వరండాలుండేవి. వచ్చేపోయేవారిని పలకరిస్తూ అక్కడ కూర్చునేవారు. తరువాత మోటారుకార్లు వచ్చి వీధి రొదగా మారింది, టెలివిజను వచ్చింది, చల్లదనపు యంత్రం వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కట్టిన ఇళ్ళలో కూర్చునే చోటు ఇంటి వెనక్కు పోయింది. రిచర్డ్ థామస్ అనే చరిత్రాధ్యాపకుడు 1975లో ఈ మార్పు మీదనే ఒక వ్యాసం ప్రకటించాడు.

ఆ డెక్కులు ఇన్నేసి ఏళ్ళు ఎండకూ వానకూ నిలిచాయంటే దాని వెనుక ఒక తెలుగువాడి తెలివి ఉంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు రోమాంచమైంది. ఆయన సొంఠి కామేశం గారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో కలప శాస్త్రవేత్త. మెత్తని చౌక కలపను కూడా చెదలూ బూజూ అంటకుండా నిలబెట్టడమెలా అన్నది ఆయన సమస్య. రాగి బూజును ఆపుతుంది, పాషాణం పురుగును చంపుతుంది. కానీ రెండూ వానకు కొట్టుకుపోతాయి. వాటికి క్రోమియం లవణాన్ని జోడిస్తే మూడూ కలిసి చెక్క నారలో గట్టిగా అంటుకుంటాయని ఆయన కనుగొన్నాడు. ఆయన పేటెంటు పొందిన ఆ మందుకు 'యాస్కు' అని పేరు. పాషాణానికి 'యాస్', రాగికి 'సీయూ' అన్న రసాయన సంకేతాలను కలిపిన పేరన్నమాట. 1938లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. అక్కడ ముందు తంతి స్తంభాలకు, తరువాత ఇళ్ళ వెనుక డెక్కులకు కోట్ల అడుగుల కలప ఈ మందులోనే మునిగింది. ఆ కొత్త చెక్కకు వచ్చే పచ్చని చాయ అదే.

అయితే పాషాణం పాషాణమే. చెక్క నుంచి కొంచెం కొంచెంగా కింది మట్టిలోకి, పాకే పసివాళ్ళ చేతులకు చేరుతున్నదని తేలి, 2003 చివరికల్లా ఇళ్ళ వాడకానికి ఆ కలప తయారీని అమెరికాలో మానుకున్నారు. ఇది చదివి మా అబ్బాయికి అర్ధరాత్రి ఫోను చేశాను. వాడిది పాత ఇల్లు. డెక్కు 2003కు ముందుదే. ఏటేటా పైన పూత వేయించమని, పిల్లలు ఆడి రాగానే చేతులు కడిగించమని, ఊడిన ముక్కలను ఎన్నడూ పొయ్యిలో పెట్టవద్దని చెప్పాను. వాడు మొదట విసుక్కున్నాడు. వారం తరువాత పూత వేయించినట్లు ఫోటో పంపాడు.

ఇక మా బండలు. అవి మా తాతగారి వీధి అరుగువి. కడప నాపరాళ్ళు. కొన్నేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది. కూలీలు గునపం వేయగానే ఒక్కటీ పగలకుండా లేచి వచ్చాయి. అప్పుడు ఆశ్చర్యపోయానే గాని కారణం తెలియలేదు. మేస్త్రీ చెప్పాడు: అది గుల్ల సున్నం. ఆల్చిప్పలూ నత్తగుల్లలూ కాల్చి, ఇసుకతో గానుగలో రుబ్బి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి కట్టేవారు. నున్నగా పాలరాతిలా మెరిసే మద్రాసు సున్నపు పూతను చూసి తెల్లదొరలు మురిసిపోయినది ఈ గుల్ల సున్నాన్నే. అది రాతికన్న మెత్తన. అందుచేత రాయి విడివడుతుంది, మళ్ళీ పనికి వస్తుంది. సిమెంటుతో అతికి ఉంటే రాయే పగిలేది. పాతవాళ్ళ పొదుపు కట్టడంలోనే కాదు, విప్పడంలో కూడా ఉంది.

మేము సిమెంటే వాడవలసి వచ్చింది; సున్నం రుబ్బేవారు ఇప్పుడు ఎక్కడ? అయినా కొన్ని జాగ్రత్తలు తీసుకున్నాం. ఇనుము ముక్క వాడలేదు, ఈ గాలికి తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులూడదీస్తుంది కనుక. చుట్టూ ఇటుక గోడ కట్టి లోపల విరిగిన ఇటుకలూ ఇసుకా నింపి, నీళ్ళు పోసి మూడు దఫాలుగా దిమ్మిస కొట్టించాం. ఒక కూలి కుర్రాడు రూకలు మిగులుతాయని ఎదురుగా ఉన్న సముద్రపు ఇసుకే తెస్తానన్నాడు. వద్దన్నాను. ఆ ఉప్పు చెమ్మతోబాటు పైకి ఊరుతుంది. పెన్న ఇసుకే తెప్పించాం. ఇంటి గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదిలాం. నీరు నిలవకుండా వెడల్పు వెంబడి అంగుళం వాటం ఇచ్చాం. ఖర్చంతా దాదాపు కూలికే. నల్లబండలు మధ్యాహ్నం కాలిపోతాయన్న లోపమొకటి ఉంది. దానికి పక్కన ఒక గానుగ మొక్క నాటాను.

చివరి రోజున బండలు పరుస్తుండగా నేను భోజనానికి లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి ఒక బండ బోర్లా పడి ఉంది. అటువైపు గీతలున్నాయి, నున్నగా లేదని మేస్త్రీ తిప్పేశాడు. గీతలేమిటో నాకు తెలుసు. పులిజూదం పటం. మా తాతగారు ఉలితో చెక్కించినది. సిమెంటు ఆరకముందే లేవదీయించి మళ్ళీ తిప్పించాను. అతడు గొణిగాడు. సాయంత్రం పని ముగిశాక మా ఆవిడ మూడు చింతగింజలూ పదిహేను గులకరాళ్ళూ తెచ్చి పెట్టింది. చింతగింజలు పులులు. మేస్త్రీకి ఆట వచ్చునని అప్పుడు తెలిసింది. నా మేకలు అయిదు పోయాయి.