గాయం మానే వేగం: కణశక్తి, గోపీచంద్ మోకాలు, మిరపచేల కూలీలు

బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ పుట్టింది 1973లో, ఇంకొల్లు దగ్గరి నాగండ్లలో. అప్పట్లో ఆ ఊరు ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలి ముందు క్రూసియేట్ లిగమెంట్ తెగింది. ఒకటికి మించి శస్త్రచికిత్సలు అవసరమయ్యాయి. 1996లో జాతీయ టైటిల్ గెలిచారు. 2001 మార్చి 11న చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. దీన్ని పట్టుదల కథగా ఎన్నోసార్లు చెప్పుకున్నాం, అది నిజం కూడా. అయితే ఆ మోకాలి లోపల ఏం జరిగి ఉంటుందన్నది అంతగా చర్చకు రాలేదు. గాయం మానడం శక్తి ఖర్చయ్యే పని. ఏ కణజాలమైనా తాను శక్తి తయారుచేసుకోగలిగే వేగాన్ని మించి మానలేదు. ఈ వ్యాసంలో నా వాదన ఇదే.

ఆ శక్తి లెక్క మొదట తేల్చినవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. కండరం పనిచేస్తే అది తరిగిపోతుందనీ, విశ్రాంతిలో మళ్లీ పోగవుతుందనీ గుర్తించారు. 1929లో కణాలకు శక్తి అందించే అణువైన ఏటీపీని కూడా వారు వెలుగులోకి తెచ్చారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

బ్యాడ్మింటన్‌కు ఈ లెక్క సూటిగా వర్తిస్తుంది. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ పూర్తి వేగంతో ఆడితే రెండు మూడు సెకన్లకే చాలుతుంది. ఆపైన ఏటీపీని తిరిగి తయారుచేస్తూ ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటుంది. ర్యాలీ ముగిశాక చెమట తుడుచుకుంటూ సర్వీసుకు నిలబడేలోపు ఆ నిల్వను కొంతైనా తిరిగి నింపేది కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా, రక్తం తెచ్చే ఆక్సిజన్. మూడో గేములో కాళ్లు బరువెక్కడానికి ఈ నింపుడు వెనకబడటం ఒక ముఖ్య కారణం.

లిగమెంటు సంగతి వేరు. దానికి రక్తనాళాలు తక్కువ, కణాలూ తక్కువే. లిగమెంట్లు, స్నాయువులు (టెండన్లు) వాడే ఆక్సిజన్ కండరం వాడేదానిలో సుమారు ఏడో వంతని అంచనా. పైగా తెగిన ముందు క్రూసియేట్ లిగమెంట్ కొసల మధ్య రక్తపు గడ్డ నిలవదు, కీలులోని ద్రవం దాన్ని కరిగించేస్తుంది. గడ్డ లేకపోతే మరమ్మతు కణాలకు నిలబడే చోటే ఉండదు. అందుకే శరీరంలో మరోచోటి నుంచి స్నాయువు తెచ్చి అమరుస్తారు. అలా అమర్చినదానిలోని కణాలు మొదట చాలావరకు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలు చేరి కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులను మళ్లీ పేరుస్తాయి. నొప్పి తగ్గి, వాపు దిగి, ఆటగాడికి కాలు బాగైందనిపించే రోజుల్లో కూడా ఈ పని సగంలోనే ఉంటుంది. 2016లో నార్వే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తొమ్మిది నెలల వరకు ఆటకు తిరిగిరావడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు సగం మేర తగ్గింది.

మరి శక్తిని బయటి నుంచి పోసి వేగం పెంచలేమా? క్రియాటిన్ పొడి ఆరోగ్యవంతుల కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ పెంచుతుంది, పరుగుకూ బరువులకూ కొంత ఉపయోగపడుతుంది. కానీ ఈ లిగమెంట్ శస్త్రచికిత్సే చేయించుకున్నవారికి పన్నెండు వారాలు ఇచ్చి చూసిన 2004 నాటి ప్రయోగంలో బలం త్వరగా తిరిగిరాలేదు. జిమ్ముల్లో డబ్బాలు కొంటున్న మన పిల్లలకు ఈ ఫలితాన్ని ఎవరైనా చెప్పి తీరాలి.

కొల్లాజెన్ గట్టిపడటానికి ఆక్సిజన్, ఇనుము, విటమిన్ సి మూడూ కావాలి. ఆ విటమిన్‌ను 1930లలో హంగరీలో ఆల్బర్ట్ సెంట్ జార్జి పెద్ద మొత్తంలో వేరుచేసింది మిరపజాతి కాయల నుంచే. కొన్నేళ్లకు ఏటీపీ తగలగానే కండర పోగు కుంచించుకుపోవడాన్ని చూపించిందీ ఆయన ప్రయోగశాలే. గుంటూరు మిర్చి యార్డుకు చేరే ఎండుమిర్చిలో ఆ విటమిన్ చాలావరకు ఎండకే పోతుంది. పచ్చిమిర్చిలో మాత్రం నిలిచి ఉంటుంది.

ఇనుము మాటకొస్తే నా దృష్టి ఆటస్థలం దాటి చేలమీదికి పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులు. ఇనుము చాలకపోతే రక్తం మోసే ఆక్సిజన్ తగ్గుతుంది, మైటోకాండ్రియాలో శక్తి తయారీకి కావలసిన, ఇనుముండే ప్రోటీన్లైన సైటోక్రోములు తగ్గుతాయి, కొల్లాజెన్ పేర్పూ దెబ్బతినగలదు. పొద్దుటి నుంచి నడుం వంచి మిరపకాయలు కోసే మనిషికి సాయంత్రానికి వచ్చే నిస్సత్తువను బద్ధకం అనుకోవడం అన్యాయం. శ్రీలంక తేయాకు తోటల్లో రక్తహీన కూలీలకు ఇనుము ఇస్తే వాళ్లు కోసే ఆకు పెరిగిందని 1979లోనే ప్రచురితమైంది. మన దగ్గర కిలో లెక్కన మిరప కోసేవాళ్లకు, పత్తి తీసేవాళ్లకు ఇది నేరుగా కూలి డబ్బుల విషయం.

ఇంకొల్లు, పర్చూరు, ప్రత్తిపాడు చేలల్లో ఇలాంటి అధ్యయనం చేయడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కోతలకు ముందూ తర్వాతా హిమోగ్లోబిన్, ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్, పిడికిలి బలం కొలవాలి. రోజూ కోసిన కాయ తూకం, బెణికిన మడమా పట్టేసిన నడుమూ సర్దుకోవడానికి పట్టిన రోజులు పక్కనే రాసుకోవాలి. ముఠా మేస్త్రీల పుస్తకాల్లో తూకం లెక్కలు ఎలాగూ ఉంటాయి, పని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.