స్వరం తెలిసిన ఇల్లు

మా కోనసీమ పల్లెలో పంచాయతీ అరుగు మీద ఒక రేడియో ఉండేది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలు కాగానే పెద్దలు మాటలు మాని చెవి యొగ్గేవారు. ఆ స్వరం ఢిల్లీ నుంచి వస్తున్నదని తెలుసును గాని, ఏ ఇంటి నుంచో మే మెరుగము.

ఆ ఇల్లు పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి భవనం. 1943లో వాడుకలోనికి వచ్చినది. స్తంభాలతో, ఎర్ర ఇసుకరాతితో ఠీవిగా నిలిచిన కొత్త ఢిల్లీ ప్రభుత్వ సౌధాలకు సమీపంలోనే ఉన్నా దీని తీరు వేరు. ముఖభాగంలో వంపులు, నిరాడంబరమైన గోడలు. అది ఆనాటి ఆధునిక శైలి. వీధిలోని రొద లోపలికి రాకుండ, లోపలి మాట ప్రతిధ్వనించకుండ చూచుకోవడమే ప్రసార గృహానికి అసలైన అలంకారం.

మన దేశంలో టెలివిజనుకు పురుడు పోసినదీ ఈ ఇల్లే. 1959 సెప్టెంబరు 15న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రయోగాత్మక ప్రసారాలను ప్రారంభించారు. చిన్న ట్రాన్స్‌మిటరు, తాత్కాలికమైన స్టూడియో, యునెస్కో చేయూత. వారానికి రెండు రోజులు, రోజుకొక గంట. ఉద్దేశం వినోదం కాదు, సామాజిక విద్య. 1961లో ఢిల్లీ బడిపిల్లలకు పాఠాలు మొదలైనవి. నల్లబల్ల ముందు జీవితం గడిపిన నాకు ఈ సంగతి మరీ ప్రీతిపాత్రం. 1965లో ప్రసారాలు దైనందినమైనవి. 1967 జనవరి 26న రైతుల కోసం కృషిదర్శన్ వచ్చినది. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ తల్లి వంటి ఆకాశవాణి నుంచి విడివడి వేరు కాపురం పెట్టినది. మరుసటి ఏడాది, అక్టోబరు 23న, హైదరాబాదు కేంద్రం వెలసినది.

గోపురమో, శిల్పమో ఉంటేనే చారిత్రక కట్టడమని మనకొక అలవాటు. అయినా 1900లో నిర్మించిన హేవలాకు వంతెన మీద 1997లో రైళ్ళు ఆగిపోయినా, రాజమహేంద్రవరం దానిని తనదిగానే భావించినది. ఇనుప దూలాల వంతెనకు శిల్పమెక్కడిది? జనం నడచిన జ్ఞాపకమే దాని శిల్పం. ఆధునిక కట్టడాలకు అన్నిచోట్లా ఆ ఆదరణ దొరకలేదు. ఢిల్లీ ప్రగతి మైదానంలో 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017 ఏప్రిల్‌లో కూల్చివేశారు.

ముఖం చూడకుండగనే ఊరూరా స్వరం తెలిసిన ఇల్లు ఆకాశవాణి భవనం. చరిత్ర చెక్కడాలలోనే కాదు, చెవులలోనూ నిలుస్తుంది. మీ ఊరిలో అటువంటి సాదా కట్టడమేదైన ఉంటే, కూలక ముందే దాని కథ వ్రాసిపెట్టండి.