నా లెక్కల జాటోపెకే

ఆ మొద్దు జర లోపలికి నూకురా మనుమడా, పొగంత నా కండ్లల్లకే వస్తున్నది. ఇందాకటి సంది అందర్ల గొప్ప ఆటగాడు ఎవడంటే బోల్టు, మెస్సీ, ఫెల్ప్స్ అని కొట్లాడుకుంటున్నరు గదా, నన్నడిగితే ఎమిల్ జాటోపెక్ అంట. పేరే ఇనలేదా? ఎట్ల ఇంటరు, అప్పటికి మీ నాయినలే పుట్టలే.

1952ల ఫిన్లాండు దేశం హెల్సింకీల ఒలింపిక్స్ అయినయి. నేను బడి పోరగాన్ని. మా డ్రిల్లు సారు పేపరు సదివొచ్చి, మమ్ముల లైన్ల నిలవెట్టి ముచ్చట చెప్పేటోడు. మన హైదరాబాదు రహీం సాబ్ కోచ్‌గా మన ఫుట్‌బాల్ జట్టు గూడ పోయింది. ఆ చలిల చానమంది ఉత్త కాళ్లతోనే ఆడిండ్రు, యుగోస్లావియా చేతుల 10-1తో ఓడిండ్రు. గది జల్ది జల్ది చెప్పి, జాటోపెక్ కాడికొచ్చేసరికి సారు గొంతు పెంచేటోడు.

చెకోస్లొవేకియా మనిషి. బాటా చెప్పుల కార్ఖానల పని చేసేటోడు. అవ్, మన కాళ్లకున్న గదే బాటా. 1941ల కార్ఖానోళ్లు పందెంల ఉరుకుమంటే, నా పానం బాగలేదని తప్పిచ్చుకోజూసిండు. డాక్టరేమో బాగనే ఉన్నవ్ పో అన్నడు. ఉరికి రెండో నంబరు వచ్చిండు. అటెన్క మిలిటరీల చేరి, బరువు బూట్లేసుకొని సాధన. 400 మీటర్లు జోరుగ ఉరుకుడు, జర నిమ్మళంగ ఉరికి దమ్ము తీసుకునుడు, మళ్ల 400. గట్ల పదుల సార్లు. ఉరికేటప్పుడు ఆ మొఖం సూడాలె! నాలుక బయటికి, మెడ ఒకదిక్కు, తేలు కుట్టినోని లెక్క.

హెల్సింకీల ముందుగాల 10,000 మీటర్లు గెలిచిండు. నాలుగొద్దులకు 5,000 గెలిచిండు. ఊకుంటడా? పుట్టి బుద్ధెరిగిన సంది ఎన్నడు ఉరకని మారథాన్‌కు పేరిచ్చిండు. ఇంగ్లండు జిమ్ పీటర్స్ అప్పటికి మారథాన్ అందరికన్న జల్ది ఉరికినోడు. ఆయన పక్కకు వోయి, మనం ఉరికే జోరు సరిపోతదా అని అడిగిండు. ఈన్ని ఆగం చేద్దామని పీటర్సు, శాన నిమ్మళంగున్నది అన్నడు. అట్లనా అని ఈయన ముందుకు దుంకిండు. పీటర్సుకు కాళ్లు పట్టేసి నడుమల్నే ఆగిపాయె. జాటోపెక్ 2 గంటల 23 నిమిషాలల్ల ముగించిండు. ఎనిమిది దినాలల్ల మూడు బంగారాలు, మూడింటికి మూడు ఒలింపిక్ రికార్డులు. ఒక్క ఒలింపిక్స్‌ల ఆ మూడు గెలిచినోడు ఇయ్యాల్టి దాంక ఇంకొకడు లేడు.

ఫోన్‌ల ఏం ఎతుకుతున్నవో నాకెరుకే. హెల్సింకీల ఆయనకు పదివేల మీటర్లకు 29 నిమిషాలు దాటింది, 2020ల ఉగాండా చెప్తెగెయ్ 26 నిమిషాల 11 సెకండ్లల్ల కొట్టిండు. అయితేంది? ఇప్పటి ట్రాకు, ఇప్పటి బూట్లు ఆయనకెక్కడియి? గడియారం వట్టుకొని సూస్తే తాతలందరు మనుమల చేతుల ఓడుడే. ఎవని కాలంల వాని పక్కపొంటి ఎవరు ఉరికిండ్రో సూడాలె.

ఆస్ట్రేలియా రాన్ క్లార్క్ అని ఇంకొకడుండె. పదివేల మీటర్లు 28 నిమిషాలలోపు ఉరికిన మొదటి మనిషి ఆయనే, 1965ల. ఒలింపిక్ బంగారమే రాలే. 1966ల ప్రాగ్‌కు వోయి మర్లేటప్పుడు, జాటోపెక్ ఆయన చేతుల చిన్న పొట్లం వెట్టిండు. తర్వాత ఇప్పి సూస్తే, హెల్సింకీల పదివేల మీటర్లకు వచ్చిన బంగారు పతకం. నకలు గాదు, అసలుదే! మీ బోల్టు ఎవ్వలకన్న ఇచ్చిండా?

1968ల రష్యా ట్యాంకులు ప్రాగ్‌ల దిగితే జాటోపెక్ గట్టిగ ఎదురు మాట్లాడిండు. మిలిటరీలకెల్లి తీసేసిండ్రు. ఇంటికి దూరంగ బోర్లేసే కాడ పనికి వోయిండు.

ఆయన పెండ్లం డానా గూడ తక్కువది గాదు. ఇద్దరు పుట్టింది ఒక్క దినమే, 1922 సెప్టెంబర్ 19. ఆయన 5,000 గెలిచిన నాడే ఈమె జావెలిన్ 50 మీటర్లు దాటిచ్చి బంగారం కొట్టింది. నా గెలుపు సూసే ఆమెకు ఊపొచ్చిందని పేపరోళ్ల ముందట ఆయన గొప్పలు వోయిండు. గట్లనా, అయితే ఇంకో పిల్లకు ఊపు తెప్పియ్యి, 50 మీటర్లు ఇసురుతదేమో సూద్దాం అన్నదట డానా.