శిలాజ శుద్ధి, రాతి ధూళి: ఒక పనిబల్ల చరిత్ర

పాత ఇళ్లలో రోలుకు గంట్లు పెట్టించడం మీలో కొందరైనా చూసి ఉంటారు. ఉలి దెబ్బకు తెల్లటి పొడి లేచేది, కాసేపటికి కనిపించకుండా పోయేది. పనివాడు తలగుడ్డ విదిలించుకొని, చెంబెడు నీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. ఆ పొడి ఎటు పోయిందని ఎవరూ అడిగేవారు కాదు. శిలాజాల చరిత్రలో కూడా చాలాకాలం ఇదే జరిగింది. ఎముక దొరికిన సంవత్సరం, కనుగొన్నవారి పేరు, దానికి పెట్టిన శాస్త్రీయ నామం పుస్తకాలకెక్కాయి. ఆ ఎముక మీది రాయిని చెక్కినప్పుడు లేచిన ధూళి, రాలిన రద్దు మాత్రం లెక్కలోకి రాలేదు. ఈ పాఠంలో మనం ఆ ధూళి వెంట వెళ్దాం.

శిలాజం నేలలోంచి శుభ్రంగా బయటకు రాదని ముందుగా గుర్తుంచుకోండి. ఎముక చుట్టూ రాయి బిగుసుకొని ఉంటుంది. ఆ రాయిని కొద్దికొద్దిగా తొలగించడాన్నే శిలాజ శుద్ధి అంటాం. నేడు ఈ పని ప్రయోగశాలల్లో జరుగుతున్నా, అది మొదలైంది మాత్రం ఇళ్లలోనే.

ఇంగ్లండులోని లైమ్ రీజిస్ అనే సముద్రతీర పట్టణంలో మేరీ ఆనింగ్ (1799–1847) అనే పేద వడ్రంగి కుమార్తె కొండచరియల కింద శిలాజాలు ఏరి, శుభ్రం చేసి అమ్మి కుటుంబాన్ని పోషించింది. 1811లో ఆమె అన్న జోసెఫ్ ఒక పెద్ద తలను చూశాడు. మరుసటి సంవత్సరం మేరీ మిగిలిన శరీరాన్ని కనుగొన్నది. అదే ప్రఖ్యాత ఇక్తియోసార్. ఆమెకు ఇల్లే దుకాణం, ఇల్లే పనిశాల.

అదే కాలంలో లూయిస్ పట్టణంలో గిడియన్ మాంటెల్ అనే వైద్యుడు పగలు రోగులను చూసి, తీరిక దొరికినప్పుడల్లా రాళ్లు చెక్కేవాడు. 1832లో క్వారీలో తుపాకిమందు పేల్చినప్పుడు సుమారు 50 ముక్కలైన ఒక రాతిబండ ఆయన చేతికి వచ్చింది. ఆయన ఆ ముక్కలను అతికించి, ఎముకలను ఉలితో బయటపెట్టి హైలియోసారస్ అనే డైనోసార్‌ను లోకానికి చూపాడు. ఇంటినిండా రాళ్లే. 1838లో ఆ సేకరణను బ్రిటిష్ మ్యూజియం 4,000 పౌండ్లకు కొన్నది. మరుసటి సంవత్సరం భార్య ఇల్లు విడిచి వెళ్లింది. దానికి కారణం దుమ్మేనని చెప్పలేం గాని, ఆ ఇంట్లో మనుషులకంటే రాళ్లకే ఎక్కువ చోటు దొరికిందన్నది నిజం.

ఇక్కడ ఒక తేడా గమనించండి. లైమ్ రీజిస్ రాయిలో ప్రధానంగా సున్నపురాయి, బంకమన్ను ఉంటాయి. మాంటెల్ సేకరించిన టిల్‌గేట్ ప్రాంతపు రాళ్లలో ఇసుకరాయి ఎక్కువ. ఇసుకరాయి అంటే దాదాపు సిలికాయే. ధూళి ఎంత ప్రమాదకరమో చెప్పాలంటే ముందు ఆ రాయి ఏదో తెలియాలి.

ఆ ప్రమాదం అప్పటికి ఎవరికీ తెలియదా? తెలుసు. కాకపోతే ఆ ఎరుక వేరే మనుషుల గురించిన పుస్తకాల్లో ఉండిపోయింది. 1556లో వెలువడిన అగ్రికోలా గనుల గ్రంథంలో, కార్పాతియన్ కొండల్లో గని ధూళివల్ల భర్తలను పోగొట్టుకొని ఏడుసార్లు పెళ్లాడిన స్త్రీల ప్రస్తావన ఉంది. గని పనివారు ముఖానికి వదులు ముసుగులు కట్టుకోవాలని కూడా ఆయన సూచించాడు. 1672లో డచ్ వైద్యుడు వాన్ డీమర్‌బ్రూక్, ఆయాసంతో చనిపోయిన రాతిపనివారి ఊపిరితిత్తులను కోస్తే ఇసుకకుప్పను కోసినట్లు ఉందని నమోదు చేశాడు. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జినీ వృత్తి వ్యాధులపై రాసిన గ్రంథంలో రాతిపనివారికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. మాంటెల్ స్వయంగా వైద్యుడు. అయినా రాతిపనివాడి జబ్బు తన చదువుల బల్ల దాకా రాగలదని ఆ కాలపు పెద్దమనుషులు అనుకున్నట్లు కనిపించదు. కూలి కోసం చెక్కినా, సరదాకు చెక్కినా లేచే పొడి ఒకటే.

పరిస్థితి మారింది యంత్రాలు వచ్చాక. కార్న్‌వాల్ తగరపు గనుల్లో యంత్రంతో రాతికి రంధ్రాలు వేసేవారు చిన్న వయసులోనే చనిపోతుండటంతో విచారణ జరిగింది. అందులో ముఖ్యుడైన జాన్ స్కాట్ హాల్డేన్ 1904 నివేదికలో పొడిగా రంధ్రాలు వేయడంవల్ల లేచే రాతి ధూళినే ప్రధాన దోషిగా చూపాడు. నివారణ చాలా సాదాది: నీళ్లు. రాయి తడిగా ఉంటే పొడి లేవదు. 1930లో జోహన్నెస్‌బర్గ్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిలికోసిస్‌పై సమావేశం జరిపింది. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పని ప్రదేశాల్లో పీల్చే స్ఫటిక సిలికాను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

కంటికి కనిపించే దుమ్ము త్వరగా కింద పడుతుంది, పడనిది ముక్కులో ఆగుతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా చేరేది సుమారు 4 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ లెక్కన చూస్తే, గది శుభ్రంగా కనిపిస్తున్నప్పుడే గాలిలో అసలు ప్రమాదం తేలుతూ ఉండవచ్చు. సిలికోసిస్ వచ్చాక నయంచేసే మందు లేదు. రాకుండా చూసుకోవడమే దారి.

ఇరవయ్యో శతాబ్దంలో శిలాజకారులు గాలి ఒత్తిడితో నిమిషానికి వేలసార్లు కొట్టుకునే సన్నని ఉలిని, సన్నని పొడిని రాయిమీదికి చిమ్మే పరికరాన్ని వాడసాగారు. ఎముకకు దెబ్బ తగలడం తగ్గింది. లేచే పొడి మాత్రం మరింత మెత్తనైంది, అంటే మరింత లోతుకు పోయేదైంది. దీనికి భిన్నమైన దారిని 1948లో లండన్ మ్యూజియంలో పనిచేసిన హ్యారీ టూంబ్స్ ప్రచురించాడు. పలుచని అసిటిక్ ఆమ్లంలో సున్నపురాయిని కరిగిస్తే ధూళే ఉండదు. అయితే ఇసుకరాయికి ఈ పద్ధతి పనికిరాదు, పైగా ఆమ్లపు ఆవిరి వేరే సమస్య.

ఈ చరిత్ర మన నేలను కూడా తాకింది. 1950ల చివర కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ పరిశోధకులు ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలల్లో వెదకడం మొదలుపెట్టారు. పోచంపల్లి వద్ద సుమారు 300 ఎముకలు దొరికాయి. వాటిని కలకత్తాలో శుద్ధిచేసి, 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరుపెట్టారు. యామన్‌పల్లి వద్ద దొరికిన కోటసారస్ అస్థిపంజరాన్ని మీరు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో చూడవచ్చు. అయితే అదే కోట శిలల నుంచి 1981లో ప్రకటించిన కోటాథీరియం హాల్డనీ అనే ఆదిమ క్షీరదం ఆధారం మిల్లీమీటర్లలో కొలవవలసిన పన్ను. ఇలాంటి పళ్లు ఉలికి చిక్కవు. మట్టిని నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగితేనే దొరుకుతాయి. రద్దు అని ఊడ్చి పారేసేదానిలో ఏముండేదో ఊహించుకోండి.

మీ దగ్గర అనుమతితో సేకరించిన నమూనా ఉండి, ఇంట్లోనే శుద్ధి చేయాలనుకుంటే ఈ చరిత్ర నేరుగా మీకు పనికివస్తుంది. పడకగదిలో, వంటగదిలో ఈ పని వద్దు. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. చెక్కేచోట కుంచెతో తడి అద్దుతూ చెక్కండి. బంకరాయి నీటికి ఉబ్బి పగులుతుంది కాబట్టి ముందు ఒక చిన్న ముక్కపై పరీక్షించండి. తడి పనికిరాని రాయి అయితే, ముందు గాజుపలక, పక్కల చేతులు దూర్చే రంధ్రాలు ఉన్న పెట్టెలో పని జరగాలి. దానికి దుమ్ము లాగే గొట్టం తగిలించాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్ సన్నని ధూళిని వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. అందుకే హెపా ఫిల్టరు ఉన్నది తప్పనిసరి. ముఖానికి సరిగా అంటుకునే ఎన్95 మాస్కు పెట్టుకోండి. చేతిరుమాలు సరిపోదు, గడ్డం ఉంటే మాస్కు కూడా సరిగా అతకదు. అన్నిటికంటే ముఖ్యం, చీపురు పట్టకండి. పొడి చీపురు కింద పడ్డ ధూళిని మళ్లీ లేపుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ ఆరకముందే కడగండి. పనిబట్టలు ఇంటి బట్టలతో కలపకండి.

ఇక రద్దు సంగతి. దాన్ని తడిగా ఉండగానే సంచిలోకి ఎత్తి మూతి కట్టి, ఏ నమూనా నుంచి, ఏ తేదీన, ఏ వైపు నుంచి రాలిందో చీటీ రాయండి. తరువాత జల్లెడలో కడిగి, మిగిలినది భూతద్దం కింద చూడండి. కడిగిన నీటిని తూములో పోయకుండా బకెట్లో ఒక రాత్రి ఉంచండి. పైనీరు వంపేసి, అడుగున పేరుకున్న బురద ఆరి మళ్లీ పొడి కాకముందే ప్లాస్టిక్ సంచిలో మూటకట్టండి.