చుక్క ఎప్పుడు చీలుతుంది? నీటిచుక్క, యురేనియం, సోడియం

ఈరోజు ఒక లెక్క కథ చెప్పుకుందాం. ముందు నీటిచుక్క లాంటి ద్రవాల కోసం వేసిన లెక్క అది. తర్వాత యురేనియానికీ, సోడియానికీ కూడా పనికొచ్చింది.

1882లో ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ ఒక ప్రశ్న వేసుకున్నాడు. ద్రవపు చుక్కకి విద్యుదావేశం ఎక్కిస్తూ పోతే అది ఎంతవరకు తట్టుకుంటుంది? చుక్కని గుండ్రంగా పట్టి ఉంచేది తలతన్యత. ఆవేశాలేమో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ నెట్టుడు ఒక హద్దు దాటిందా, గుండ్రని ఆకారం ఇక నిలవదు. దాన్నే రేలీ హద్దు అంటాం.

ఇప్పుడు 1938 డిసెంబర్‌కి వద్దాం. బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే బేరియం కనబడింది. ఎలా వచ్చింది? నాజీల వల్ల జర్మనీ వదిలి స్వీడన్ చేరిన లీజే మైట్నర్, ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్ కలిసి దీనికి జవాబు వెతికారు. కేంద్రకాన్ని ఒక ద్రవపు చుక్క అనుకోండి. అందులో ప్రోటాన్ల వికర్షణ తలతన్యతని దాదాపు తినేసింది. చిన్న కుదుపు చాలు, రెండు ముక్కలవుతుంది. 1939లో బోర్, వీలర్ దీన్ని సిద్ధాంతంగా మలిచారు.

మరి ఈ లెక్కని ప్రయోగశాలలో ఆవేశం మార్చి మార్చి పరీక్షించేదెలా? కేంద్రకంలో ప్రోటాన్లని మనకిష్టమైనట్టు మార్చలేం. అక్కడే లోహపు క్లస్టర్లు, అంటే పదులూ వందల పరమాణువుల గుంపులు, పనికొచ్చాయి. సోడియం క్లస్టర్ నుంచి రెండు ఎలక్ట్రాన్లు ఊడగొడితే, అది నిలవాలంటే సుమారు 27 పరమాణువులు ఉండాలని ప్రయోగాల్లో తేలింది. మూడు ఊడగొడితే? హద్దు ఆవేశపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 27ని 9తో గుణించి 4తో భాగించండి, దాదాపు 61. ప్రయోగంలో వచ్చిందీ 60కి కాస్త పైనే!

ఒక తేడా గమనించండి. కేంద్రకాల్లో పెద్దవి చీలతాయి, ఎందుకంటే సైజుతోపాటు ఆవేశమూ పెరుగుతుంది. క్లస్టర్లలో ఆవేశం అంతే ఉంటుంది కాబట్టి చిన్నవే చీలతాయి.

అయితే రేలీ లెక్క అన్నీ చెప్పదు. 1984లో బర్క్లీలో వాల్టర్ నైట్ బృందం 8, 20, 40, 58 పరమాణువుల సోడియం క్లస్టర్లు ప్రత్యేకంగా స్థిరమని చూపింది. కారణం నిండిన ఎలక్ట్రాన్ కర్పరాలు. అందుకే చీలిక సరిగ్గా సగానికి జరగదు. రెండు ఎలక్ట్రాన్లతో కర్పరం నిండిన మూడు పరమాణువుల ముక్క తరచుగా విడిపోతుంది.

చీలుతుందా లేదా అన్నది చుక్క లెక్క చెబుతుంది. ఎలా చీలుతుందో చెప్పేది క్వాంటమ్ లెక్క. రెండూ కావాలి.