సామర్లకోట ఆబ్కారీ

మన చలనచిత్రములలో త్రాగుబోతు తరచుగా కనిపించును. ఆ చిత్రములు మదరాసులో తయారైన దినములలోను అంతే, జూబిలీ హిల్సు, ఫిలిం నగరులకు పరిశ్రమ తరలివచ్చిన పిమ్మటను అంతే. సారా దుకాణము కనిపించును, దాని ముందు కంటతడి పెట్టిన ఇల్లాలు కనిపించును. కాని ఆ సారా ఎచ్చట కాగినది, ఎవరి తాళము క్రింద నిలువయున్నది అను సంగతి తెరకెక్కుట అరుదు. ఆ సంగతి తెలియవలెనన్న గోదావరి సీమలోని సామర్లకోటకు పోవలెను.

సామర్లకోట అనగానే చాళుక్య భీముని కుమారారామము, రెండంతస్తుల భీమేశ్వరాలయము జ్ఞప్తికి వచ్చును. రైలు ప్రయాణికునకు కాకినాడ దారి చీలు కూడలి జ్ఞప్తికి వచ్చును. ఆంగ్లేయుల కాలమున అది దండు విడిసిన చోటు కూడ. 1879లో రంప పితూరీ సమయమున మరల సైనికులను తెచ్చి నిలిపి, 1893లో ఎత్తివేసిరి. ఇంచుమించు ఆ కాలముననే తూర్పుకోస్తా రైలుమార్గము ఆ ఊరికి వచ్చినది. ధవళేశ్వరమునుండి వచ్చు పడవల కాలువ అంతకుముందే ఉన్నది. నీరు, బెల్లము, పడవ, రైలు ఒక్కచోట చేరినవి. 19వ శతాబ్ది చివరి సంవత్సరములలో డెక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ ఇచ్చట చక్కెర శుద్ధి కర్మాగారమును, దానితో సారా బట్టీని నెలకొల్పినది. మదరాసులోని పారీ కంపెనీవారు దాని నిర్వాహకులు.

ఆబ్కారీ పారసీ మాట. ‘ఆబ్’ అనగా నీరు, ‘కారీ’ అనగా పని. సర్కారు కాగితములలో ఇంత అమాయకమైన పేరు మరియొకటి లేదేమో!

ఈ బట్టీ ఎందుకు వచ్చినదో తెలియుటకు కొంచెము వెనుకకు పోవలెను. పూర్వము సారా కాచి అమ్ముకొను హక్కును సర్కారు గుత్తదారులకు వేలము వేసెడిది. ఊరూర చిన్న బట్టీలు. ఎంత కాగినది, ఎంత అమ్ముడైనది, లెక్క గుత్తదారునికే తెలియును. ఇది దొరలకు నచ్చలేదు. ఒకచోట కాచి, గేటు దాటు ప్రతి గ్యాలనుపై సుంకము తీసికొను పద్ధతికి క్రమముగా మారిరి. 1886 నాటి మదరాసు ఆబ్కారీ చట్టము ఆ పద్ధతికి బలము చేకూర్చినది.

కాచు విధానము క్లిష్టమైనది కాదు. బెల్లమునో చక్కెర మడ్డినో నీట కరగించి పెద్ద తొట్లలో పులియబెట్టుదురు. అందలి చక్కెర కొలది దినములలో ఆల్కహాలుగా మారును. నీరు నూరు డిగ్రీల వద్ద కాగును. ఆల్కహాలు 78 డిగ్రీల వద్దనే ఆవిరియగును. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకొనుటయే బట్టీ రహస్యము. కష్టమంతయు ఆ తరువాతిది. కొలిచినదానిని గదిలో పెట్టి తాళము వేయుట, సుంకము చెల్లువరకు తెరువకుండుట! ఒక తాళపుచెవి కంపెనీది, ఒకటి ఆబ్కారీ అధికారిది. బలమైన గోడలు, ఊచల కిటికీలు, ఒకే గేటు, గేటు వద్ద కొలతగది, ఆవరణలో అధికారికి కచేరి — ఇవి ఆ కాలపు సారా బట్టీల సామాన్య లక్షణములు. పొగగొట్టము చూచి దానిని కర్మాగారమందుము గాని, అది సగము ఖజానా.

ఇక బెల్లము మాట. సామర్లకోటలో చెరకు బెల్లమే కాక తాటిబెల్లమును శుద్ధిచేసెడివారు. తాటికల్లు పులియకుండుటకు గీతకాడు కుండలోపల సున్నము పూయును. ఆ తియ్యని రసమును కాచినచో బెల్లము. సున్నము లేని కుండలోనిది సాయంకాలమునకు కల్లు. ఒకే చెట్టు కంపెనీకి ముడిసరకు, కంపెనీ సారాకు పోటీదారు! చెరకునకు ఆ రోజులలో గడ్డుకాలము. గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు తోటలను నాశనము చేయుచుండగా, దానిని పరిశీలించుటకు 1902లో ఈ ఊరిలోనే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రము వెలసినది. ఆ పరిశోధన సాగించిన బార్బరు దొర తరువాత కోయంబత్తూరులో కొత్త చెరకు వంగడములను పుట్టించినవారిలో ప్రముఖుడు.

సర్కారు ఆ గేటుపై ఎంత ఆధారపడినదో మద్యనిషేధము వచ్చినప్పుడు తెలిసినది. 1937లో రాజాజీ సేలము జిల్లాలో నిషేధము ప్రారంభించి, పోయిన రాబడిని పూడ్చుకొనుటకు 1939లో అమ్మకపు పన్ను తెచ్చిరి. త్రాగనివాడు కూడ అంగడిలో సుంకము కట్టుట అప్పుడు మొదలైనది. 1948 అక్టోబరు 2నాటికి మదరాసు రాష్ట్రమంతట నిషేధము వ్యాపించినది. ఆంధ్రరాష్ట్రము వచ్చిన పిమ్మట ఆ చిక్కే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమును 1954 నవంబరు 6న ఒక్క ఓటుతో పడగొట్టినది. కోస్తా, రాయలసీమలలో నిషేధము 1969లో తొలగినది. 1980లలో ‘వారుణి వాహిని’ పేర ప్రభుత్వమే సారాను పొట్లములుగా పల్లెలకు పంపినది. దుకాణమునకు పోనక్కర లేకుండ గేటే ఇంటి వాకిటికి వచ్చినట్లయినది.

దానికి బదులు చెప్పినది శాసనసభ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయి అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు 1992లో సారా దుకాణము మూయించిరి. ఉద్యమము జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో పోయినది గాని, సారాపై నిషేధము పోలేదు. సామర్లకోట కర్మాగారము అంతకుముందే నవభారత్ సంస్థ చేతికి వచ్చియున్నది. నేడు దుకాణములలో దొరకునది ‘విదేశీ మద్యము’ అను పేరుగలది. దానిలో అధిక భాగమును ఈ దేశముననే, చక్కెర మడ్డినుండియో ధాన్యమునుండియో కాచుచున్నారు.