వర్గక్రమం – సంబంధక్రమం: అమరకోశం నుండి ఆంటాలజీ వరకు

వ్యాససంగ్రహం: పదార్థాలను వర్గాలుగా విభజించిన తరువాత ఏ వర్గాన్ని ముందు చెప్పాలన్న ప్రశ్న నిఘంటుకర్తకూ, ప్రోగ్రాం రాసేవారికీ సమానంగా ఎదురవుతుంది. వర్గాల వరుసను వాటి పరస్పర సంబంధాల ఆధారంగా నిర్ణయించినప్పుడు, పాత వర్గీకరణలు విడదీసినవి ఎలా దగ్గరవుతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అమరకోశం, వర్గీకరణ, ఆంటాలజీ, వృత్తిపదకోశం.

1. ఉపోద్ఘాతం

ఒక రంగానికి చెందిన భావనలను వర్గాలుగా, వాటి మధ్య సంబంధాలను ధర్మాలుగా కంప్యూటరుకు తెలిసేటట్లు నిర్దేశించే వ్యవస్థే ఆంటాలజీ. ఇందుకు ఉపకరించే ‘ఔల్’ భాషను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2004లో ప్రమాణంగా ఆమోదించింది. ఆ భాషలో ప్రకటనల వరుస అర్థాన్ని మార్చదు. కాని ఆ వర్గాల నుండి ప్రోగ్రాం కోడ్‌ను గాని, డేటాబేస్ పట్టికలను గాని రూపొందించేటప్పుడు వరుస ముఖ్యమవుతుంది. ‘నాగలి’ వర్గానికి ‘తయారుచేసినవాడు’ అనే ధర్మం ఉండి, అది ‘వడ్రంగి’ వర్గాన్ని సూచిస్తే, వడ్రంగి ముందుగా నిర్వచితం కావలసి వస్తుంది.

2. అమరకోశంలోని వరుస

అమరసింహుడు నామలింగానుశాసనాన్ని మూడు కాండలుగా విభజించాడు. స్వర్గవర్గంలో విష్ణునామాల తరువాత లక్ష్మి, పాంచజన్యం, సుదర్శనం, గరుడుడు వంటివి వస్తాయి. ఇవి విష్ణువులో రకాలు కావు, ఆయనకు సంబంధించినవి. ఆ సంబంధమేమిటో శ్లోకం చెప్పదు, వరుసే సూచిస్తుంది.

ద్వితీయకాండ చివర మాత్రం బ్రహ్మ, క్షత్రియ, వైశ్య, శూద్ర వర్గాలు వర్ణక్రమంలో ఉన్నాయి. సేద్యం వైశ్యవృత్తి కనుక నాగలి వైశ్యవర్గంలో చేరింది. దానిని చేసే వడ్రంగి శూద్రవర్గంలో ఉన్నాడు. వస్తువు ఒకచోట, దాని కర్త మరొకచోట నిలిచిపోయారు.

తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహాన్ని దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గాలుగా కూర్చాడు. 1885 నాటి శబ్దరత్నాకరం వంటి అకారాది నిఘంటువులు వెతుకులాటను సులభం చేశాయి గాని, సంబంధాలు సూచించే ఇరుగుపొరుగును తొలగించాయి.

3. 1962: రెండు ప్రయత్నాలు

తార్నాక పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో భాషాశాస్త్ర శాఖ ఆచార్యులయ్యారు. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయపదాలతో, ఆ ఏడే వెలువడింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. ఈ సంపుటాలకు ఎల్ల గీసింది వర్ణం కాదు, వృత్తి.

అదే 1962లో ఎ.బి. కాన్ ‘టోపోలాజికల్ సార్టింగ్’ పద్ధతిని ప్రచురించాడు. దేనిపైనా ఆధారపడని అంశాలను ముందు తీయాలి, వాటిపై మాత్రమే ఆధారపడినవాటిని తరువాత తీయాలి, ఇలా కొనసాగించాలి. నాగలికి దీనిని అన్వయిస్తే వడ్రంగి, కమ్మరి మొదట వస్తారు. కమ్మరి తరువాత కర్రు, వడ్రంగి తరువాత మేడి, అన్నీ సమకూరాక నాగలి వస్తాయి. ‘వడ్రంగి చేసే వస్తువు నాగలి’ అనే విలోమధర్మాన్నీ లెక్కిస్తే వలయం ఏర్పడి రెండింటిలో ఏదీ ముందుకు రాదు. అప్పుడు ఒక దిశను మాత్రమే క్రమనిర్ణయానికి గ్రహించాలి. లేదా వర్గనామాలన్నీ ముందు ప్రకటించి, ధర్మాలను తరువాత జోడించాలి.

4. సంబంధానికి పేరు

హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృత అధ్యయన శాఖలో శివజా నాయర్, అంబా కులకర్ణి అమరకోశ పదాల మధ్య సంబంధాలను కంప్యూటరులో నమోదు చేసి, 2010లో ఆ నిర్మాణాన్ని వివరించారు. పరాపరజాతి, అవయవావయవి, జన్యజనక, స్వస్వామి, ఆజీవిక వంటి పేర్లతో అమరుని వరుసలో మౌనంగా ఉన్న సంబంధాలు ప్రకటితమయ్యాయి.

5. ముగింపు

వరుస ఒక్కటే, సంబంధాలు అనేకం. ఏ వరుసైనా కొన్నిటిని చూపి కొన్నిటిని మరుగుపరుస్తుంది. అందువల్ల క్రమాన్ని నిర్ణయించే సంబంధమేదో వర్గీకరణకర్త స్పష్టంగా ప్రకటించాలి. తెలుగు వృత్తిపదాలకు ఆంటాలజీ నిర్మించేవారు వర్ణక్రమాన్నో, అకారాదినో యథాతథంగా స్వీకరిస్తే నాగలి మళ్లీ వడ్రంగికి దూరమవుతుంది. తయారీ, అవయవ సంబంధాలను ఆధారం చేసుకుంటే వస్తువు కంటే ముందు దాని కర్త నిలుస్తాడు.